చేప కంటే ముందు తోడు: కొత్త అక్వేరియంలో చేయవలసినవి, చేయకూడనివి

గృహప్రవేశాల ముహూర్తాలు మొదలైతే అక్వేరియం షాపుల్లో సందడి. పాలు పొంగించిన రోజే హాల్లో ఫిష్ ట్యాంక్ వెలగాలని, అందులో ఎర్రటి గోల్డ్ ఫిష్‌లు తిరగాలని చాలామందికి కోరిక. పొద్దున తొట్టి కొంటారు, మధ్యాహ్నం నీళ్లు నింపుతారు, సాయంత్రం చుట్టాలు వచ్చే వేళకి చేపలు దింపుతారు. మూడో రోజుకి నీళ్లు పలుచని మజ్జిగలా తెల్లబడతాయి. వారం తిరిగేసరికి ఒక చేప నీటిపైకి వచ్చి నోరు తెరిచి మూస్తూ ఉంటుంది. పది రోజుల్లో తొట్టిలో రంగురాళ్లు, లైటు మాత్రమే మిగులుతాయి.

మా ఇంట్లో అచ్చంగా ఇదే జరిగింది. పాప పుట్టినరోజుకని నాలుగు గోల్డ్ ఫిష్‌లు తెచ్చాం. "యాంటీ క్లోరిన్ రెండు చుక్కలు వేయండి మేడమ్, ఇంకేం అక్కర్లేదు" అన్నాడు షాపతను. ఏడో రోజు పొద్దున్నే పాప వచ్చి లేపింది, "అమ్మా, చేప మొప్పలు పుండులా ఎర్రగా అయిపోయాయి" అని. సాయంత్రానికి రెండు పోయాయి. వాటిని చెత్తలో వేయడానికి అది ఒప్పుకోలేదు, కరివేపాకు కుండీలో పాతిపెట్టాం. భీమవరం దగ్గర రొయ్యల చెరువులు చేసే మా తమ్ముడికి ఫోన్ చేస్తే వాడు అడిగిన మొదటి మాట: "అక్కా, అమ్మోనియా కొలిచావా?"

కొలవలేదు. కొలవాలని తెలియదు. చెరువు చేసే రైతుకి మేత లెక్క ఎంత ముఖ్యమో అమ్మోనియా లెక్కా అంతే ముఖ్యం. ఇంట్లో గాజుతొట్టి పెట్టుకునేవాళ్లకి ఆ మాట చెప్పేవాళ్లు లేరు. మన ఇళ్లలో కొత్త తొట్టి చేపలు చాలావరకు జబ్బు చేసి చావడం లేదు, తాము విడిచిన దానిలోనే ఉక్కిరిబిక్కిరై చస్తున్నాయి. ఒక నెల ఆగితే ఈ చావులు తప్పుతాయి. ఆ నెలలో ఏం చేయాలో, ఏం చేయకూడదో నాకు తెలిసినంతా ఇక్కడ రాస్తున్నాను.

కంటికి కనపడని పని

చేప అమ్మోనియాను ఎక్కువగా మొప్పల ద్వారా వదులుతుంది. మేత వేయకపోయినా వదులుతూనే ఉంటుంది. తినగా మిగిలిన మేత, రెట్ట, కుళ్లిన ఆకు కూడా చివరికి అమ్మోనియాగానే మారతాయి. చెరువులో, ఏటిలో దాన్ని తినే సూక్ష్మజీవులు రాతిని, బురదను అంటిపెట్టుకుని ఉంటాయి. కొత్త గాజుతొట్టిలో అవి లేవు. నీళ్లు అద్దంలా ఉన్నాయంటే అక్కడ ఇంకా ఎవరూ కాపురం పెట్టలేదని అర్థం.

పని రెండు అంచెల్లో జరుగుతుంది. ఒక గుంపు అమ్మోనియాను నైట్రైట్‌గా మారుస్తుంది. నైట్రైట్ కూడా విషమే, అది చేప రక్తం ప్రాణవాయువును మోయకుండా చేస్తుంది. రెండో గుంపు ఆ నైట్రైట్‌ను నైట్రేట్ చేస్తుంది. నైట్రేట్ కొంతవరకు ప్రమాదం కాదు, నీళ్లు మార్చినప్పుడల్లా తగ్గుతుంది, మొక్కలు తీసుకుంటాయి. ఈ జీవులను వేరుచేసి చూపించిన ఘనత సెర్గీ వినోగ్రాడ్‌స్కీది. 1890 ప్రాంతంలో జూరిచ్‌లో ఆయన ఆ పని చేశాడు. తర్వాత వందేళ్లు పాఠ్యపుస్తకాలు రెండో గుంపు పేరు నైట్రోబాక్టర్ అనే చెప్పాయి. 1998లో టిమొతీ హొవానెక్ బృందం మంచినీటి అక్వేరియంలలో వెతికితే ఆ పని చేస్తున్నది నైట్రోస్పైరా జాతి అని తేలింది. 2005లో సియాటిల్ అక్వేరియంలోని తొట్టి గులకరాళ్ల నుంచి అమ్మోనియాను తినే కొత్త జీవి ఒకటి దొరికింది. అది బాక్టీరియా కూడా కాదు, ఆర్కియా అనే మరో కోవకు చెందినది. ఇంకో పదేళ్లకు, రెండంచెల పనినీ ఒంటరిగా చేసే నైట్రోస్పైరాలు బయటపడ్డాయి. అక్వేరియం తొట్టి శాస్త్రవేత్తలకే ఇన్ని కొత్త సంగతులు చెప్పిందంటే, దాన్ని అలంకారపు పెట్టె అనుకోవడం తప్పు.

మనకు ఇందులో పనికొచ్చే విషయం ఒకటుంది. ఇవి చాలా నెమ్మదిగా పెరుగుతాయి. పాలను తోడుకునేలా చేసే బాక్టీరియా గంట అటూఇటూగా రెట్టింపవుతుంది, అందుకే రాత్రి తోడేస్తే పొద్దున్నకి పెరుగు. తొట్టిలోని ఈ జీవులు ఒక్కసారి రెట్టింపు కావడానికి సగం రోజు నుంచి రోజు పైన పడుతుంది. ఎవరెంత తొందరపడినా ఆ లెక్క మారదు.

నీళ్లు నింపే రోజు చేయవలసినవి

మున్సిపాలిటీ నీళ్లయితే క్లోరిన్ తీసేయండి. కుళాయి దగ్గరికి వచ్చేసరికి లీటరుకు కనీసం 0.2 మిల్లీగ్రాముల క్లోరిన్ మిగిలి ఉండాలని మన తాగునీటి ప్రమాణం ఐఎస్ 10500 చెబుతుంది. మనల్ని కాపాడటానికి పెట్టిన ఆ మందు తొట్టిలో మనకు కావలసిన జీవులనూ చంపుతుంది. యాంటీ క్లోరిన్ చుక్కల్లో సాధారణంగా ఉండేది సోడియం థయోసల్ఫేట్. సీసా మీద రాసిన కొలత ప్రకారం వేయండి. చుక్కలు లేకపోతే వెడల్పాటి టబ్బులో నీళ్లు పోసి, గాలిరాయి వేసి ఒక రోజంతా వదిలేయండి. షాపతను నాకు చెప్పిన రెండు చుక్కల సలహా తప్పు కాదు, అది మొదటి మెట్టు మాత్రమే.

బోరు నీళ్లయితే క్లోరిన్ బాధ లేదు. అయితే భూమిలోంచి వచ్చిన నీటిలో బొగ్గుపులుసు వాయువు ఎక్కువ, ప్రాణవాయువు తక్కువ. పైకి తోడగానే కొలిచిన పీహెచ్ నిజం చెప్పదు. ఒక రోజు గాలి పట్టించి కొలవండి.

ఆర్వో నీళ్లు మాత్రమే పోయకండి. "మనం తాగే నీళ్లే కదా, ఇంకా శుభ్రం" అని చాలామంది పోస్తారు. ఈ బాక్టీరియా పని చేస్తున్నంతసేపూ నీటిలోని క్షారతను ఖర్చు పెడుతుంది. ఒక మిల్లీగ్రాము అమ్మోనియా నైట్రోజన్‌కు రమారమి ఏడు మిల్లీగ్రాముల క్షారత పోతుంది. ఆర్వో నీటిలో ఖర్చు పెట్టడానికి ఏమీ ఉండదు. రెండు వారాల్లో పీహెచ్ 6.5 కిందికి జారుతుంది, పని మందగిస్తుంది. 6 దగ్గరికి వస్తే దాదాపు ఆగిపోతుంది. సగం ఆర్వో, సగం బోరు కలపండి. బోరు లేకపోతే, చేపలు లేని ఈ దశలో 100 లీటర్లకు 5 గ్రాముల వంటసోడా కలిపితే క్షారత లీటరుకు 30 మిల్లీగ్రాములు పెరుగుతుంది. సున్నం మాత్రం వేయకండి. చెరువుకి వేస్తారు కదా అని తొట్టికి వేస్తే పీహెచ్ ఒక్కసారి ఎక్కడికో పోతుంది.

ఫిల్టరును, గాలి పంపును మొదటి గంట నుంచే నడపండి, రాత్రి ఆపకండి. చప్పుడుకి నిద్ర పట్టడం లేదని రాత్రుళ్లు ఆపేసే ఇళ్లు చాలా ఉన్నాయి. ఆ జీవులకు కావలసింది ప్రాణవాయువు, ఎడతెగని నీటి కదలిక. 25 డిగ్రీల నీటిలో లీటరుకు 8 మిల్లీగ్రాముల పైచిలుకు ప్రాణవాయువు కరుగుతుంది, 35 డిగ్రీలకు వస్తే అది 7 లోపుకి పడిపోతుంది. మే నెలలో కిటికీ పక్కన పెట్టిన తొట్టి వేడెక్కుతుంది, గాలి తగ్గుతుంది, రెండు దెబ్బలూ ఒకేసారి. 26 నుంచి 30 డిగ్రీల మధ్య ఉంటే పని చురుగ్గా సాగుతుంది. కోస్తాలో ఏడాదిలో ఎక్కువ నెలలు హీటరు అవసరమే రాదు. ఆదిలాబాద్ చలికాలం మాట వేరు.

కరెంటు సంగతి ముందే ఆలోచించుకోండి. ఇన్వర్టరు మీద ఫ్యానూ లైటూ పెట్టుకున్నట్టే గాలి పంపునూ పెట్టుకోండి, అది తినే కరెంటు చాలా కొద్ది. బ్యాటరీ పంపు దొరికితే ఇంకా మంచిది. మూత బిగించిన డబ్బా ఫిల్టరు వాడేవాళ్లు ఇది గుర్తుంచుకోండి: కరెంటు పోయి కొన్ని గంటలు దాటితే లోపలి నీటిలో ప్రాణవాయువు అయిపోతుంది, కుళ్లు మొదలవుతుంది. కరెంటు రాగానే స్విచ్ వేస్తే ఆ మురికంతా తొట్టిలోకి వస్తుంది. ముందు డబ్బాలో నిలిచిన నీళ్లు పారబోయండి, తర్వాత నడపండి.

చేపలు లేకుండా మేత ఎలా

తినడానికి అమ్మోనియా లేకపోతే బాక్టీరియా పుట్టదు. చేపలు దింపకుండానే నీళ్లు పోసి నెల రోజులు ఉత్తినే ఫిల్టరు నడిపి, "అంతా మీరు చెప్పినట్టే చేశాం, అయినా చచ్చాయి" అని బాధపడినవాళ్లను చూశాను. ఆ నెల వృథా. అమ్మోనియాను మనమే అందించాలి.

నాకు నచ్చిన పద్ధతి అమ్మోనియం క్లోరైడ్. ఇత్తడి గిన్నెలకు కళాయి పూసేవాళ్లు చల్లే నవాసాగరం ఇదే. బజారులో దొరికే దిమ్మలో మలినాలు ఉంటాయి కాబట్టి దాన్ని వాడకండి, ల్యాబ్ కెమికల్స్ అమ్మే షాపులో సీసా కొనండి. 100 లీటర్ల నీటిలో అమ్మోనియా లీటరుకు 2 మిల్లీగ్రాములు కావాలంటే 0.6 గ్రాములు చాలు. వంటింటి కాటాలో ఇంత చిన్న తూకం రాదు. అందుకని 6 గ్రాములు ఒక లీటరు నీటిలో కరిగించి పెట్టుకోండి. అందులోంచి 100 మిల్లీలీటర్లు తీసి పోస్తే కావలసిన కొలత పడుతుంది. మూడడుగుల పొడవు, అడుగు వెడల్పు, అడుగుంపావు ఎత్తు తొట్టిలో రాళ్లు, పైన వదిలిన ఖాళీ పోను 90 లీటర్ల దాకా పడతాయి. సీసా మీద పెద్ద అక్షరాలతో పేరు రాసి, పిల్లలకు అందని చోట పెట్టండి. నీళ్ల సీసాలో పోసి ఫ్రిజ్ పక్కన పెట్టడం లాంటివి ఎంత మాత్రం వద్దు.

ఎక్కువ వేస్తే తొందరగా అవుతుందని వేయకండి. లీటరుకు 4, 5 మిల్లీగ్రాములు దాటితే రెండో గుంపు ఎదగడానికి అడ్డం పడుతుంది. నైట్రైట్ అలాగే కొండలా పేరుకుని కూర్చుంటుంది.

రసాయనాలు ఇంట్లోకి తేవడం ఇష్టం లేనివాళ్లు చేపల మేతే రోజూ చిటికెడు వేయొచ్చు. అది కుళ్లి అమ్మోనియా ఇస్తుంది. పచ్చి రొయ్య ఒకటి పలుచని గుడ్డలో కట్టి వేసేవాళ్లూ ఉన్నారు. రెండూ పనిచేస్తాయి. కొలత మన చేతిలో ఉండదు, వాసన ఉంటుంది, మేత మీద బూజు పడుతుంది. అపార్టుమెంటులో రొయ్య పద్ధతి నేను ఎవరికీ చెప్పను.

ఇంట్లో నేల తుడిచే అమ్మోనియా ద్రావణాలను వాడకండి, వాటిలో సబ్బు, సువాసన కలుస్తాయి. ఇంతకంటే పెద్ద హెచ్చరిక: అమ్మోనియాను బ్లీచింగ్ పౌడరుతో, బ్లీచ్ ద్రావణంతో కలవనివ్వకండి. పాత తొట్టిని బ్లీచింగ్‌తో కడిగి, సరిగ్గా నీళ్లతో తొలచకుండా, అందులోనే అమ్మోనియా పోస్తే క్లోరమైన్ వాయువు పుడుతుంది. అది ఊపిరితిత్తులను కాలుస్తుంది. మూసిన బాత్‌రూములో ఆ పని జరిగితే చేప సంగతి తర్వాత, మనిషికే ఆసుపత్రి.

తోడు

పాలు ఎంత మంచివైనా తోడు వేయకపోతే పెరుగు కాదు. తొట్టికి తోడు అంటే ఆరోగ్యంగా నడుస్తున్న పాత తొట్టి ఫిల్టరులోని స్పాంజి, పింగాణీ రింగులు, లేదా అడుగు గులకరాళ్లు. వీటిలో ఏదో ఒకటి కాస్త దొరికితే నాలుగు నుంచి ఆరు వారాల పని రెండు వారాల్లో, ఒక్కోసారి ఇంకా ముందే అయిపోతుంది. తెలిసినవాళ్లను మొహమాటం లేకుండా అడగండి. పక్కింట్లో తోడుకి పెరుగు అడగమా?

అడిగేటప్పుడు మాత్రం ఒక ప్రశ్న వేయండి: ఈ మధ్య ఆ తొట్టిలో చేపలేవైనా జబ్బు చేశాయా? తెల్లమచ్చల జబ్బు స్పాంజితో పాటే మీ ఇంటికి వస్తుంది. నెలా రెండు నెలలుగా కొత్త చేప దింపని, ఏ చేపా చావని తొట్టి నుంచి తీసుకోండి. షాపు తొట్ల నుంచి తీసుకోవడం నాకు భయం. అక్కడ వారం వారం కొత్త సరుకు దిగుతుంది.

స్పాంజిని ఆ తొట్టి నీళ్లలోనే ముంచి, మూత గట్టిగా బిగించని డబ్బాలో తెచ్చుకోండి. ఎండిపోనివ్వకండి, కారులో ఎండకు వదలకండి. వచ్చిన వెంటనే నడుస్తున్న ఫిల్టరులో పెట్టండి.

పాత తొట్టి నీళ్లు ఒక బకెట్టు తెచ్చి పోస్తే చాలనే నమ్మకం బాగా పాతుకుపోయింది. ఈ జీవులు నీటిలో తేలవు, గరుకు తలానికి అతుక్కుని సన్నని జిగురు పొరలా బతుకుతాయి. ఆ బకెట్టులో వచ్చేవి నామమాత్రం. వేళ్లకి జారుడుగా తగిలే ఆ పొర అందరికీ మురికిలా కనిపిస్తుంది. తొట్టికి ప్రాణం అదే.

ఇక సీసాల్లో అమ్మే బాక్టీరియా. కొన్ని పనిచేస్తాయి. గడువు తేదీ చూడండి, ఎండ తగిలే అద్దాల అరలో నెలల తరబడి కూర్చున్న సీసాను వదిలేయండి. వేసిన రోజుల్లో యూవీ లైటు ఉంటే ఆపండి. చెరువుల్లో చల్లే ప్రోబయాటిక్ పొడి దీనికి బదులు కాదు. మా తమ్ముడే నాకు ఒక పొట్లం పంపాడు, ప్రేమగా. అందులో ఉండేవి ఎక్కువగా బాసిల్లస్ జాతులు. అవి అడుగున పేరుకున్న మేతను, మలాన్ని కుళ్లబెట్టి తింటాయి, చెరువుకి అది మేలే. అవి విత్తనాల్లాంటి గట్టి పెంకు కట్టుకుని ఎండిన పొడిలో కూడా బతకగలవు. అమ్మోనియాను, నైట్రైట్‌ను తినే మన జీవులకు ఆ విద్య లేదు. అందుకే "పొడి వేయండి, రాత్రికే చేపలు దింపండి" అనే మాట విన్నప్పుడు నేను నమ్మను.

కొలవండి, రాయండి

కిట్ లేకుండా ఈ పని చేయకండి. ఇక్కడ నేను కాస్త కటువుగానే చెబుతున్నాను. రంగుల లైట్లకు, బుడగలు వదిలే బొమ్మకు పెట్టే డబ్బులో కొంత అమ్మోనియా, నైట్రైట్, నైట్రేట్ చుక్కల కిట్లకు పెట్టండి. భీమవరం, కైకలూరు లాంటి ఆక్వా ఊళ్లలో చెరువుల మందుల షాపుల్లో కూడా ఇవి దొరుకుతాయి. పట్టీలు ముంచి చూసే రకం కంటే చుక్కల రకం నమ్మదగినది. నైట్రేట్ కిట్‌లో కుదపమని రాసిన సీసాను నిజంగానే అరనిమిషం గట్టిగా కుదపండి, లేదంటే అందులోని పొడి అడుగునే ఉండిపోయి తక్కువ చూపిస్తుంది. పరీక్ష చేసిన నీటిని తొట్టిలో పోయకండి. ఆ చుక్కల్లో ఆమ్లాలు, క్షారాలు ఉంటాయి, పిల్లలు చేస్తానంటే పక్కన కూర్చోండి, చేతులు కడిగించండి.

తోడు లేకుండా మొదలుపెడితే మొదటి వారం పది రోజులు ఏమీ జరగనట్టే ఉంటుంది. తర్వాత అమ్మోనియా దిగడం మొదలై నైట్రైట్ ఎక్కుతుంది. అమ్మోనియా సున్నాకి వచ్చినప్పుడల్లా మళ్లీ సగం కొలత వేయండి. నైట్రైట్ దశే అన్నిటికంటే పొడుగు, ఓపిక పోయేది ఇక్కడే. రెండు మూడు వారాలు అది గులాబీ రంగు నుంచి కదలదు. ఒక రోజు హఠాత్తుగా పడిపోతుంది. అప్పుడు నిండు కొలత, అంటే లీటరుకు 2 మిల్లీగ్రాములు వేసి 24 గంటల తర్వాత చూడండి. అమ్మోనియా సున్నా, నైట్రైట్ సున్నా, నైట్రేట్ పెరిగి ఉండటం, ఈ మూడూ కలిసి వస్తేనే తొట్టి సిద్ధం. ఒక్కసారి కాదు, వరుసగా రెండు రోజులు రావాలి.

మధ్యలో నీళ్లు తెల్లబడితే కంగారుపడి పారబోయకండి. అవి వేరే బాక్టీరియా, మిగులు పోషకాలను తిని ఒక్కసారి గుప్పుమన్నవి, వాటంతట అవే తగ్గుతాయి. గాజు మీద గోధుమరంగు పొర వచ్చినా అంతే.

చేయకూడనివి

ఫిల్టరు స్పాంజిని కుళాయి కింద పిండకండి. నా లెక్కలో అన్నిటికంటే పెద్ద తప్పు ఇదే. నెలకోసారి ఒక కుర్రాడు వచ్చి చేపలను బకెట్టులో వేసి, తొట్టి ఖాళీ చేసి, రాళ్లన్నీ బస్తాలో పోసి కడిగి, స్పాంజిని తెల్లగా వచ్చేదాకా పిండి, కొత్త నీళ్లు నింపి పోతాడు. తళతళలాడుతుంది. ఆ సాయంత్రానికి అది మళ్లీ మొదటి రోజు తొట్టి. "సర్వీసు చేయించిన వారానికే ఎందుకు చస్తున్నాయో" అని అడిగేవాళ్లకి జవాబు ఇది. తొట్టిలోంచి తీసిన నీళ్లే ఒక మగ్గులో పట్టి, స్పాంజిని అందులో రెండు మూడు సార్లు నొక్కి వదలండి, గోధుమరంగు మరకలు ఉంటే ఉండనివ్వండి. రాళ్లు కడిగిన వారం స్పాంజి జోలికి పోకండి. స్పాంజి చిరిగిపోయి మార్చాల్సి వస్తే కొత్తదాన్ని పాతదాని పక్కనే నెల రోజులు ఉంచి, ఆ తర్వాత పాతది తీయండి.

ముందుజాగ్రత్తగా మందులు వేయకండి. షాపుల్లో చేపలతో పాటు చేతిలో పెట్టే నీలం సీసా మిథిలీన్ బ్లూ. గుడ్లకు, ప్రత్యేకంగా ఉంచిన జబ్బు చేపకు అది మంచి మందే. పెద్ద తొట్టిలో పోస్తే నెల రోజులుగా పెరిగిన బాక్టీరియాను దెబ్బతీస్తుంది. యాంటీబయాటిక్‌లదీ అదే ప్రమాదం. వైద్యం చేయాలంటే చేపను వేరే టబ్బులోకి మార్చి చేయండి.

ఈ నెలలో జియోలైట్ రాళ్లు వేయకండి. అవి అమ్మోనియాను పీల్చుకుంటాయి, పిల్లకు పెట్టాల్సిన అన్నం మరొకరు తిన్నట్టు బాక్టీరియా పస్తు ఉంటుంది. జియోలైట్ ఉన్న తొట్టిలో ఉప్పు వేయడం ఇంకా ప్రమాదం. పీల్చుకున్న అమ్మోనియాను ఉప్పు మళ్లీ బయటికి తోసేస్తుంది.

నీళ్లు తీసేటప్పుడు పైపును నోటితో పీల్చకండి. చేతికి కోత, పుండు ఉంటే తొట్టిలో చెయ్యి పెట్టకండి. అక్వేరియం నీటిలో ఉండే మైకోబాక్టీరియం మెరైనమ్ అనేది కోత ద్వారా చర్మంలోకి దిగి నెలల తరబడి మానని గడ్డలు తెస్తుంది. డాక్టరు దగ్గరికి వెళ్తే ఇంట్లో చేపల తొట్టి ఉందని చెప్పడం మరచిపోకండి, ఆ ఒక్క మాటతో ఆయన వెతకాల్సిన దారి మారుతుంది.

చెయ్యి పెట్టే ముందు హీటరు, పంపు, లైటు ప్లగ్గులు తీసేయండి. వైరు ప్లగ్గు కంటే కిందికి వేలాడి మళ్లీ పైకి వచ్చేలా ఉంచండి, వైరు వెంట జారిన నీటి చుక్క ప్లగ్గులోకి కాకుండా నేల మీద పడుతుంది.

ఇప్పటికే చేపలు తెచ్చేసినవాళ్లకు

తప్పు జరిగింది, చేపలు తొట్టిలో ఉన్నాయి. వాటిని కాపాడుకోవచ్చు. షాపు వెనక్కి తీసుకుంటానంటే ఇచ్చేయండి, లేదా తెలిసినవాళ్ల పాత తొట్టిలో నెల రోజులు దాచమనండి. అది కుదరకపోతే మేత రెండు రోజులకోసారి, రెండు నిమిషాల్లో తినేంత మాత్రమే. రోజూ కొలవండి. అమ్మోనియా లేదా నైట్రైట్ లీటరుకు 0.5 మిల్లీగ్రాములు దాటితే, క్లోరిన్ తీసిన, అదే వేడిలో ఉన్న నీటితో మూడో వంతు నుంచి సగం దాకా మార్చండి. ఇది మూడు నాలుగు వారాలు సాగొచ్చు.

ఇక్కడ ఒక ఉచ్చు ఉంది, అనుభవజ్ఞులు కూడా పడతారు. నీటిలోని అమ్మోనియా రెండు రూపాల్లో ఉంటుంది. ఒకటి పెద్దగా హాని చేయనిది, రెండోది ప్రాణం తీసేది. ఏది ఎంత అన్నది పీహెచ్ నిర్ణయిస్తుంది. 28 డిగ్రీల నీటిలో పీహెచ్ 7 ఉంటే విషపు రూపం నూటికి ఒక్కపాలు కూడా ఉండదు, పీహెచ్ 8 అయితే ఆరు పాళ్లు దాటుతుంది. చాలా వారాలుగా నీళ్లు మార్చక పీహెచ్ 6 దగ్గరికి జారిన తొట్టిలో అమ్మోనియా ఎంతో పేరుకున్నా చేపలు నెట్టుకొస్తాయి. అప్పుడు ఒక్కసారిగా సగం నీళ్లు తీసి పీహెచ్ 8 ఉన్న బోరు నీళ్లు పోస్తే, మేలు చేద్దామని చేసిన పనికి గంటలో చేపలు తేలిపోతాయి. అలాంటి తొట్టిలో రోజుకి పదో వంతు చొప్పున మార్చుకుంటూ రండి.

మొప్పలు గోధుమరంగుకి తిరిగి, చేపలు ఫిల్టరు నీళ్లు పడే చోటే గుమిగూడితే నైట్రైట్ అనుకోండి. నీళ్లు మార్చడంతో పాటు 100 లీటర్లకు 10 గ్రాముల కల్లుప్పు విడిగా కరిగించి పోయండి. ఉప్పులోని క్లోరైడ్ మొప్పల దగ్గర నైట్రైట్‌కు అడ్డు నిలుస్తుంది. చెరువు రైతులూ ఉప్పు బస్తాలు దింపేది చాలాసార్లు ఇందుకే. గాలి పంపు వేగం పెంచండి.

మొదటి చేపలు

తొట్టి సిద్ధమయ్యాక ముప్పావు వంతు నీళ్లు మార్చి నైట్రేట్‌ను లీటరుకు 20 మిల్లీగ్రాముల చుట్టుపక్కలకి దించండి. చేపలు తేవడం ఆలస్యమైతే ఆ మధ్య రోజుల్లో అమ్మోనియా కొద్దికొద్దిగా వేస్తూనే ఉండండి, లేకపోతే పెంచిన బాక్టీరియా ఆకలితో తగ్గిపోతుంది. మొదట తెచ్చేవి తక్కువ తినే, ఓర్చుకునే చిన్న చేపలు కావాలి. మన దేశపు వాగుల చేప జీబ్రా డానియో నాకు ఇష్టం. 90 లీటర్లకు ఆరు చాలు. గోల్డ్ ఫిష్ చిన్నగా కనిపించినా వదిలే వ్యర్థం చాలా ఎక్కువ, దానికి గుండ్రని గాజు బౌలు ఇల్లు కాదు.

సంచిని పావుగంట తొట్టిలో తేలనిచ్చి, విప్పి, గరిటెడు గరిటెడు తొట్టి నీళ్లు కలిపి, చేపను వలతో తీసి వదలండి. సంచి నీళ్లు తొట్టిలో పోయకండి. చెన్నై కొళత్తూరు నుంచి రాత్రి బస్సులో వచ్చిన సంచి అయితే గంటల తరబడి నీళ్లు కలుపుతూ కూర్చోకండి. మూసిన సంచిలో చేప ఊపిరి వల్ల పీహెచ్ తగ్గి ఉంటుంది, విప్పగానే అది పెరిగి లోపల పేరుకున్న అమ్మోనియా విషంగా మారుతుంది. వేడి సమం కాగానే చేపను తీసేయడం మంచిది.

మొదటి రోజు మేత వద్దు. మూడో రోజు, ఏడో రోజు తప్పకుండా కొలవండి. రెండుసార్లూ సున్నా వస్తే, ఇంకో రెండు వారాలు ఆగి మరో నాలుగు చేపలు తేవచ్చు.

మా పాప రెండోసారి క్యాలెండరు మీద తనే అంకెలు రాసింది. అమ్మోనియాకి ఆకుపచ్చ పెన్ను, నైట్రైట్‌కి ఎరుపు. తోడుకి స్పాంజి దొరకలేదు కాబట్టి ముప్పై నాలుగు రోజులు పట్టింది. ఇరవయ్యో రోజు దాటాక ఎర్ర అంకె కదలకపోతే, "అమ్మా, ఇది పాడైపోయిందా?" అని అడిగేది. ముప్పై మూడో రోజు రెండు సున్నాలు, ముప్పై నాలుగో రోజు రెండు సున్నాలు. ఆ ఆదివారం ఆరు డానియోలు తెచ్చాం. మూడో రోజు స్కూలు నుంచి వచ్చి బ్యాగు దించకుండానే కిట్ తీసింది. గాజు గొట్టం కిటికీ వెలుతురుకి పెట్టి చూసి, పెన్ను కోసం వెతుక్కుంది.